కర్నూలు పొరుగున ఒక విదేశం

యీ శీర్షిక కింద మనం చాలా దేశాలే తిరిగాం. నేపాళంలో కొండలెక్కాం. సింహళంలో తేయాకు తోటలు చూశాం. రంగూన్ వీధుల్లో మనవాళ్ళ జాడలు వెతుక్కున్నాం. యీ వారం మాత్రం ఓడ అక్కరలేదు, విమానమూ అక్కరలేదు. కర్నూలు బస్టాండులో బస్సెక్కి కూర్చుంటే డెబ్బై చిల్లర కిలోమీటర్లు. మధ్యాహ్నం అక్కడే జొన్నరొట్టె తిని, దీపాలు పెట్టే వేళకు తిరిగి ఇల్లు చేరుకోవచ్చు.

ఆ దేశం పేరు బనగానపల్లె.

మామిడిపండు పేరు చెప్పి దేశం అంటాడేమిటి అనుకుంటున్నారేమో! 1948 ఫిబ్రవరి దాకా చట్టం దృష్టిలో అది నిజంగానే పరదేశం. చుట్టూ కర్నూలు జిల్లా, అనగా బ్రిటిషు ఇండియా. నడుమ నవాబుగారి సంస్థానం. అక్కడి జనం బ్రిటిషు ఇండియా ప్రజలు కారు. "బ్రిటిషు రక్షణలో వున్నవారు" అని వారికి వేరే హోదా. ఇక్కడ నేరం చేసినవాడు అక్కడికి పారిపోతే కర్నూలు పోలీసు వెంటబడి రెక్క పట్టుకుని లాక్కురావడానికి వీల్లేదు. ఒక రాజ్యం మరొక రాజ్యానికి నేరస్థుణ్ణి అప్పగించే పద్ధతిలో కాయితాలు నడవాలి.

మా అవ్వ పుట్టిల్లు ఆ దేశంలోనే. మా తాతది కోయిలకుంట్ల దగ్గర పల్లె. తెల్లవారుజామున బండి కడితే పొద్దు వాలకముందే చేరే దూరం. అంత దగ్గరైనా అవ్వ చివరిదాకా "మా నవాబు సీమ", "మీ కుంఫిణీ సీమ" అనే అనేది. "కుంఫిణీ పోయి నూరేళ్ళయిందే!" అని తాత యెగతాళి చేస్తే, "పోతే పోయింది, శిస్తు పోయిందా?" అని తిప్పికొట్టేది.

నిజానికి కర్నూలు వాసులకు విదేశాలు కొత్త కావు. వూరి అంచున తుంగభద్ర ఒడ్డున నిలబడి ఆవలికి చూస్తే, ఆ కనబడేది నైజాం రాజ్యం. ఆలంపురం జోగుళాంబకు మొక్కు చెల్లించుకోవాలన్నా పరాయి రాజ్యంలో అడుగు పెట్టవలసిందే. అక్కడ హాలీ సిక్కా నాణెం. వారి యేడు రూపాయలు మన ఆరు రూపాయలకు సమానం. కాని నైజాం ముచ్చట అందరికీ తెలిసిందే. బనగానపల్లెను మాత్రం యెవరూ దేశంగా లెక్కపెట్టలేదు. దాన్ని ఆనుకుని బతికినవాళ్ళకే ఆ సరిహద్దు బరువు తెలుసు.

ముందు కొలతలు చెప్పుకుందాం. వైశాల్యం 255 చదరపు మైళ్ళు. 1901 జనాభా లెక్కల్లో ప్రజలు 32,264 మంది. ఇంత చిన్న రాజ్యానికి తోటి రాజ్యాలు యేవో తెలుసా? మద్రాసు సంస్థానాలకని 1923లో ఒక ఏజెన్సీ యేర్పడినప్పుడు అందులో అయిదు పేర్లున్నాయి: తిరువాన్కూరు, కొచ్చిన్, పుదుక్కోట, బనగానపల్లె, సండూరు. వీటిలో తిరువాన్కూరు యేడువేల చదరపు మైళ్ళు. 1901లోనే దాదాపు ముప్ఫై లక్షల జనం. ఒకే పట్టీలో యేనుగూ ఉడుతా అన్నమాట. ఉడుతకైనా మర్యాద మర్యాదే. బనగానపల్లె నవాబుకు తొమ్మిది ఫిరంగుల సలాము వుండేది.

ఇక భూమి. పడమట ఎర్రమల కొండలు. నెత్తిన రోకలి దొర్లించి చదును చేసినట్టుండే కొండలవి. తూర్పున కుందూనది లోయ, నల్లరేగడి. కొండల్లో పుట్టిన జుర్రేరు తూర్పుకు పారి కుందూలో పడుతుంది. కుందూ దక్షిణంగా కడప జిల్లాలోకి వెళ్ళి పెన్నలో కలుస్తుంది. నవాబు సీమలో కురిసిన వాన కూడా యే అనుమతీ లేకుండా కుంఫిణీ సీమకే పోయేదన్నమాట. పంటలు జొన్న, కొర్ర, పత్తి. వాన వస్తే సంసారం, రాకపోతే వలస.

యీ జుర్రేటి ఒడ్డున జ్వాలాపురం అని ఒక వూరుంది. పేరుకు తగ్గట్టే అక్కడ నేలలో బూడిద పొర దొరుకుతుంది. చాలాకాలం ఆ వూరివాళ్ళు దాన్ని తవ్వి తోముడు పొడులు చేసేవారికి అమ్ముకున్నారు. అది యెక్కడి బూడిదో తెలుసా? సుమత్రా దీవిలో తోబా అనే అగ్నిపర్వతం సుమారు 74,000 యేళ్ళ కిందట పేలినప్పుడు సముద్రాలు దాటి వచ్చి పడ్డ బూడిద! పెట్రాలియా అనే శాస్త్రజ్ఞుడూ, ధార్వాడ ఆచార్యుడు రవి కోరిశెట్టరూ తమ బృందంతో అక్కడ తవ్వి, బూడిద పొరకు కిందా పైనా కూడా మనుషులు చెక్కిన రాతి పనిముట్లు కనుక్కున్నారు. 2007లో ఆ సంగతి లోకానికి వెల్లడించారు. ఆకాశం నుంచి బూడిద కురిసిన పిమ్మట కూడా జుర్రేటి ఒడ్డున మనుషులు వున్నారు. కరువుసీమ మనిషి మొండితనం మనం అనుకున్నదానికంటే పాతదేననిపిస్తుంది.

రాళ్ళ సంగతి ఇంకా తమాషా. 1872లో విలియం కింగ్ అనే భూగర్భ శాస్త్రజ్ఞుడు యీ ప్రాంతపు రాతిపొరల మీద పెద్ద గ్రంథం వెలువరించాడు. యీ పొరల పేర్లు అడుగు నుంచి పైకి చదివితే బనగానపల్లె, నార్జి, అవుకు, పాణ్యం, కోయిలకుంట్ల, నంద్యాల! బస్సు కండక్టరు వూళ్ళ పేర్లు కేకవేస్తున్నట్టు లేదూ? వాటికి అడుగున వున్న మహా పాత పొరలకు కడప పేరే పెట్టారు. లోకంలో యే మూల భూగర్భశాస్త్రం చదివే కుర్రవాడైనా భారతదేశపు పాఠం దగ్గరికి వస్తే మన వూళ్ళ పేర్లు వల్లెవేయవలసిందే. ఆ పొరల్లో నవాబుకూ కుంఫిణీకీ సరిహద్దు లేదు. బొంబాయి వంటిళ్ళలో గట్టుకు వేసే నల్లబండను "కడప్పా" అంటారన్నది మీలో ఆ వైపు వెళ్ళినవారికి తెలిసే వుంటుంది.

బనగానపల్లె రాతిపొరలో రవ్వలు కూడా వుండేవి. రవ్వలంటే వజ్రాలు. బావుల్లాగా గుంతలు దింపి, అడుగున అడ్డంగా సొరంగాలు తొలిచి, గులకరాళ్ళ పొరను పైకి తెచ్చి దంచి, కడిగి, యెండలో పరిచి వెతికేవారు. పని కూలివాడిది, రవ్వ దొరది. ఆ గనులు యేనాడో అడుగంటాయి. అయినా యిప్పటికీ తొలకరి పడగానే తుగ్గలి, జొన్నగిరి చేలల్లో పనులు మానుకుని రవ్వల కోసం నేల చూపులు చూస్తూ తిరిగే జనం వున్నారు. వారిని చూసి నవ్వేవాళ్ళు కూడా ఒక కన్ను నేల మీదే వుంచుతారు!

యింత నడుమ యీ దేశం యెలా పుట్టింది? పదిహేడో శతాబ్దం మొదట్లో బీజాపురం సుల్తానుల సేన కోట పట్టుకుంది. తర్వాత యిది జాగీరుగా ఒక సరదారు వంశానికి దక్కింది. ఆ వంశంలో ఒకాయన హైదరాలీ కొలువు చేశాడు. టిప్పుసుల్తాను కాలంలో జాగీరు పోయి కుటుంబం హైదరాబాదుకు తరలిపోయింది. కొన్నేళ్ళకు తిరిగి వచ్చి నిలదొక్కుకుంది. 1800లో నైజాం తన దగ్గర వుంచుకున్న ఇంగ్లీషు సైన్యం ఖర్చు కింద బళ్ళారి, కడప మొదలైన తాలూకాలన్నీ కుంఫిణీకి రాసి ఇచ్చాడు. వాటికే దత్తమండలాలని పేరు. ఆ యేడే బనగానపల్లె కూడా మద్రాసు కనుసన్నల్లోకి వచ్చింది. కాని జాగీరుదారును మాత్రం కదల్చలేదు. మన్రో దొర సీమ అంతటా భూములు కొలిపించి రైతుకు పట్టా ఇచ్చి శిస్తు కట్టిస్తూ వుంటే, మధ్యలో యీ చిన్న తునక మాత్రం పాత పద్ధతిలోనే మిగిలిపోయింది. అలా మిగలడానికి కొండా కారణం కాదు, భాషా కారణం కాదు. యెప్పుడో ఇచ్చిన ఒక సనదు, అంతే.

జాగీరుదారుకు వంశపారంపర్యంగా "నవాబు" అనే బిరుదు వచ్చింది 1876లో. ఆ యేడే మన సీమకు ధాత కరువు వచ్చింది. బిరుదు సరిహద్దు దాటి బయటికి రాలేదుగాని కరువుకు సరిహద్దు లేదు. 1871కీ 1881కీ మధ్య కర్నూలు జిల్లా జనాభా సుమారు నాలుగో వంతు తగ్గిపోయింది. మా అవ్వకు వాళ్ళవ్వ చెప్పిన కథల్లో ఫిరంగుల సలాము లేదు. నాగజెముడు పళ్ళు తిని బతికిన పిల్లల కథలున్నాయి.

పరిపాలన మాట కొస్తే, సర్వాధికారాలూ నవాబువి. వూళ్ళలో చాలా భాగం ఆయన బంధువుల జాగీర్లు. వంశం పెరిగినకొద్దీ వాటాలు పెరిగాయి, అప్పులూ పెరిగాయి. లెక్కలు మరీ చెడినప్పుడు మద్రాసు ప్రభుత్వం కలగజేసుకుని కొంతకాలం తానే పెత్తనం చేసేది. 1905లో అలాగే జరిగింది. నవాబులందరూ చెడ్డవారని నేననను. మంచి నవాబు వుంటే మంచి, లేకుంటే లేదు అన్న స్థితే చెడ్డది.

దాని అసలు రుచి మా ఇంటి కథలో చెబుతాను.

1931లో ధాన్యం ధరలు కూలిపోయాయి. లోకమంతటా అంతే, మన సీమలోనూ అంతే. ఆ యేడు మా తాతా, అవ్వ అన్నా ఇద్దరూ బావులు తవ్వించుకోవడానికి చెరి అయిదు వందల రూపాయలు అప్పు చేశారు. ఇద్దరిదీ ఒకే రకం నేల. వడ్డీ కూడా ఒకటే, నూటికి నెలకు రూపాయి. తాత తన వూరి షావుకారు దగ్గర, బామ్మర్ది తన వూరి షావుకారు దగ్గర తీసుకున్నారు. రెండు బావుల్లోనూ బండే పడింది, నీళ్ళు పడలేదు. అదీ ఒకటే.

1937 ఫిబ్రవరిలో మద్రాసు శాసనసభకు యెన్నికలు జరిగాయి. అప్పట్లో అందరికీ ఓటు లేదు. శిస్తు కట్టేవారికీ, చదువుకున్నవారికీ మాత్రమే. తాత శిస్తు కట్టే రైతు గనుక ధోవతి కట్టుకుని వెళ్ళి కాంగ్రెసు పసుపుపచ్చ పెట్టెలో చీటీ వేసి వచ్చాడు. బామ్మర్దికి తాతకంటే నాలుగెకరాలు యెక్కువే. కాని ఆయనకు పెట్టె లేదు, చీటీ లేదు. అది వేరే దేశం గదా.

ఆ యెన్నికల్లో వచ్చిన రాజాజీ మంత్రివర్గం 1938లో రైతు రుణ విమోచన చట్టం చేసింది. 1932 అక్టోబరుకు ముందు చేసిన అప్పయితే, 1937 అక్టోబరు 1 నాటికి నిలిచిపోయిన వడ్డీ అంతా రద్దు. అసలు మాత్రం కడితే చాలు. అప్పటికే అసలుకు రెండింతలు ముట్టివుంటే ఆ అప్పే చెల్లిపోయినట్టు. తాత వకీలును పెట్టుకుని వడ్డీ కొట్టివేయించుకున్నాడు. అసలు కొద్దికొద్దిగా తీర్చాడు. పొలం దక్కింది.

మద్రాసు చట్టం మద్రాసు సరిహద్దు దగ్గర ఆగిపోయింది. ఆ యేడు సంక్రాంతికి వచ్చిన బామ్మర్ది అరుగు మీద కూర్చుని, "ఏం బావా, మీ రాజాజీ మా యేరు దాటలేడా?" అన్నాడట. తాత నవ్వాడట. అవ్వ మాత్రం నవ్వలేదు. ఆమెకు పుట్టింటి లెక్క తెలుసు. 1944లో బామ్మర్ది యెనిమిదెకరాలు అమ్మి అప్పు తీర్చుకున్నాడు. అందులో అవ్వ పసుపు కుంకుమలకని వాళ్ళ నాయన నోటిమాటగా అనుకున్న రెండెకరాలు కూడా వున్నాయి. దానికోసం ఆమె అన్నతో యేనాడూ పోట్లాడలేదు. "షావుకారు తప్పా, అన్న తప్పా అవ్వా?" అని నేను చిన్నతనంలో అడిగితే, "యేరు తప్పురా" అనేది.

ఆమె అన్న యేరు చిన్నది. యెండాకాలం మోకాలు తడవదు.

1948 ఫిబ్రవరిలో నవాబు మీర్ ఫజలె అలీఖాన్ కాలంలో సంస్థానం మద్రాసు రాష్ట్రంలో కలిసింది. కర్నూలు జిల్లాలో భాగమైంది. తుపాకీ పేలలేదు. అదే సంవత్సరం సెప్టెంబరులో తుంగభద్ర ఆవల నైజాం రాజ్యంలోకి భారత సైన్యం కదలవలసి వచ్చిందని గుర్తుకు తెచ్చుకుంటే, యిది యెంత సద్దు లేకుండా జరిగిందో తెలుస్తుంది. మద్రాసు చట్టాలు అక్కడికి పోవడానికి విలీన సంస్థానాల చట్టమని 1949లో వేరే చేయవలసి వచ్చింది. ఆ సంగతి పేపర్లో చదివి బామ్మర్ది బండి కట్టుకుని తాత దగ్గరికి వచ్చాడు. "ఇప్పుడా రుణాల చట్టం నాకూ వర్తిస్తుందా బావా?" అని అడిగాడు. తీర్చేసిన అప్పుకు చట్టమేమిటని తాతకు నోట మాట రాలేదట. అన్నం పెట్టమని అవ్వకు కేకవేసి వూరుకున్నాడట.

ప్రజలు యెలాంటివారని యీ శీర్షికలో ప్రతిసారీ చెబుతాను గదా. యీసారి చెప్పడానికి యేమీ లేదు, వారు మనమే. రాజకుటుంబం షియా ముసల్మానులు, ప్రజల్లో హిందువులే యెక్కువ, మాట తెలుగు. మొహరం వస్తే పీర్ల గుండం చుట్టూ అందరూ ఆడేవారు, సీమ అంతటా వున్న ఆచారమే. హుసేనప్ప, పీరయ్య, మస్తానమ్మ అనే పేర్లు హిందువుల ఇళ్ళలో వుండడం మనకు వింత కాదు. వీరబ్రహ్మం గారు బనగానపల్లెలో అచ్చమ్మగారి పశువులు కాసి, రవ్వలకొండ గుహలో కూర్చుని కాలజ్ఞానం రాశారని చెప్పుకుంటారు. తర్వాత ఆయన కడప జిల్లా కందిమల్లాయపల్లె చేరారు. నవాబు పరీక్షించడానికి మాంసపు పళ్ళెం పంపితే అది పూలుగా మారిందని కథ. సీమలో యే గోడ పంచన కూర్చున్నా యీ కథ వినిపిస్తుంది.

1928లో నంద్యాలలో సభ పెట్టి చిలుకూరి నారాయణరావుగారి సూచన మీద "దత్తమండలాలు" అన్న పేరు వదిలి "రాయలసీమ" అని పేరు పెట్టుకున్నారు. ఆ పేరు బనగానపల్లెకూ చెందుతుందా అని యెవరైనా అడిగారో లేదోగాని, అవ్వ మాత్రం ఆ పేరును తన సొంతమే అనుకుంది.

ఇక ఆ పండు. నవాబుల తోటల్లో పెరిగిందంటారు. మచ్చలేని పసుపు తోలు గనుక పారసీలో "బేనిషాన్", అనగా గుర్తు లేనిది అని పేరు. టెంక నాటితే ఆ రకమే రాదు, అంటు కట్టవలసిందే. కాబట్టి యీ రకపు చెట్లన్నీ ఒక్క చెట్టు పిల్లలే. అంటు మొక్క తట్టలో పెట్టుకుని యెవరు యేరు దాటినా యెవరూ ఆపలేదు. నూజివీడుదాకా పోయింది, ఇంకా ఆవలికీ పోయింది. వైశాల్యం లేని దేశమైపోయాక కూడా బనగానపల్లె పేరు ప్రతి యెండాకాలం ప్రతి బజారులోనూ వినిపిస్తుంది. 2017లో ప్రభుత్వం వారు దీనికి భౌగోళిక గుర్తింపు ఇప్పించారు. గుర్తు లేనిదానికి గుర్తింపు! అవ్వ వుంటే పడీ పడీ నవ్వేది.

వెళ్ళాలనుకునేవారికి రెండు మాటలు. బనగానపల్లె 2022 నుంచి నంద్యాల జిల్లాలో వుంది. నంద్యాల నుంచి యెర్రగుంట్లకు వేసిన రైలుదారి 2016లో తెరిచారు. నవాబులు చూడని రైలు యిప్పుడు వూరి స్టేషనులో ఆగుతుంది. యాగంటి బసవన్ననూ, నందవరం చౌడేశ్వరినీ చూడండి. యాగంటి దారిలో మిట్ట మీద నవాబుల బంగళా పాడుపడి వుంది. 2009లో వచ్చిన "అరుంధతి" సినిమా అక్కడ తీశారు. ఇప్పుడు పిల్లలకది దయ్యం మేడ. యెవరినడిగినా "అరుంధతి బంగళాయేనా?" అని దారి చూపిస్తారు.

నేను పోయినసారి వెళ్ళినప్పుడు అక్కడినుంచి అవ్వ అన్న వూరికి నడిచాను. ఆ బావి ఇంకా వుంది. బండ కనబడుతూనే వుంది. యేరు దాటాను, చెప్పులు చేతబట్టుకోవలసిన అవసరం కూడా రాలేదు.

వచ్చే వారం సండూరు వెళదాం. అది బళ్ళారి పక్కన మరాఠా ఘోర్పడే వారి రాజ్యం. బనగానపల్లె కంటే చిన్నది.